రెండు గుంపుల చిల్లులు: తార్నాకలో నాలుగు రోజులు

మొదటే చెప్పేస్తున్నాను, మా బావ జట్టుకి ఎంపిక కాలేదు. నేను తిరిగొచ్చిన పది రోజులకి అక్క ఉత్తరం రాసింది. ఆ ఒక్క సంగతి కోసమే ఇది చదవాలనుకున్నవాళ్లు ఇక్కడితో ఆగిపోవచ్చు. చార్మినార్ చూశావా, గోల్కొండ ఎక్కావా అని అడిగేవాళ్లు కూడా ఆగిపోవచ్చు. హైదరాబాదులో నేను చూసినవి తార్నాకలో ఒక వంటింటి అరలు, యూనివర్సిటీ క్యాంపస్‌లో రాళ్లగుట్ట వెనక తుపాకులు కాల్చే మైదానం, ఒక కంసాలి త్రాసు. వాటికే నాకు నాలుగు రోజులు చాల్లేదు.

నేను మా ఊరి జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ ల్యాబ్ అటెండర్ని. పిల్లలు తీసిన రీడింగులు చూసి ఎవడు ఎక్కడ తప్పాడో చెప్పగలను. ఆ గీర నాకు కొంచెం ఉందని మా ఆవిడ అంటుంది, కాదనను. దసరా సెలవుల్లో సుగుణక్క దగ్గర్నుంచి కార్డు ముక్క వచ్చింది. "మీ బావ చెయ్యి బాగుండటం లేదు. నన్ను అడగనివ్వడు. నువ్వొస్తే నీతోనైనా చెబుతాడేమో." అంతే రాసింది. అక్క ఎప్పుడూ కార్డు నిండా రాసి, చిరునామా పక్కన కూడా ఇరికిస్తుంది. ఆ రెండు లైన్లు చూసేసరికి నాకు అన్నం సహించలేదు. కిలో ఎండు రొయ్యలు, గోంగూర పచ్చడి మూటకట్టుకుని రైలెక్కాను.

రైల్లోంచి ఆటోలోకి

రొయ్యల మూట సంచిలో అడుగున పెట్టాను. అయినా బీబీనగర్ దాటేసరికి పెట్టె పెట్టెంతా తెలిసిపోయింది. ఎదురు సీట్లో కాచిగూడలో లాడ్జి నడిపే పెద్దాయన, ఆయన భార్య. ఆమె చాలాసేపు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, ఇక ఉండబట్టలేక, "ఏంది సారు, సంచిల ఏం దెస్తున్నరు?" అంది. చెప్పాను. "రొయ్యలు ఎండవెట్టి గూడ తింటరా?" అని ఆశ్చర్యపడింది. ఒకటి చేతికిచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసి, మొగుడి చేతిలో పెట్టింది. ఆయన నోట్లో వేసుకుని నమిలి, "మంచిగనే ఉన్నది" అన్నాడు. దానికి బదులుగా వాళ్లు నాకు సీతాఫలం ఇచ్చారు. మా వైపు సీతాఫలం గింజలెక్కువ, గుజ్జు తక్కువ. వీళ్లది చెంచాతో తవ్వుకుని తినొచ్చు.

సికింద్రాబాద్‌లో దిగగానే నా మొదటి పొరపాటు జరిగింది. ఆటో అతను ఇరవై అంటే మా ఊరి రిక్షా బేరంలాగా సగానికి సగం అడిగాను. అతను నవ్వి, "మీటరేస్త, కూసోండి" అన్నాడు. మెట్టుగూడ రైల్వే క్వార్టర్ల మీదుగా తార్నాక చేరేసరికి మీటరు పద్నాలుగు రూపాయలు చూపించింది. నేనడిగిన పదికి అతను ఒప్పుకోనందుకు కాదు, అంత నవ్వు మొహంతో నన్ను ఓడించినందుకు ఉడుకుమోత్తనం వచ్చింది.

తార్నాక, బుధవారం

అక్క వాళ్లది మేడమీద రెండు గదుల వాటా. బావ పేరు దేవదానం. యూనివర్సిటీ ఆఫీసులో క్లర్కు. మా ఊళ్లో తుపాకీ అంటే బ్యాంకు గేటు దగ్గరో, ఇన్‌స్పెక్టరు నడుముకో ఉండేది. ఇక్కడ మా బావ పగలంతా ఫైళ్లు రాసి, సాయంత్రం క్యాంపస్‌లోని షూటింగ్ క్లబ్బుకెళ్లి, క్లబ్బు రివాల్వర్‌తో ఇరవై అయిదు మీటర్ల దూరాన ఉన్న కాగితాన్ని కొడతాడు. పదేళ్లుగా ఇదే అలవాటు. సినిమా లేదు, సిగరెట్ లేదు. అక్క మాటల్లో చెప్పాలంటే, "ఆ ఇనప ముక్కే నాకు సవతి."

"ఏరా బామ్మర్దీ, రొయ్యలతో రైలంతా ఖాళీ చేయించావటగా?" అని బావ ఎప్పటిలాగే పలకరించాడు. కానీ టీ గ్లాసు ఎడమ చేత్తో అందుకున్నాడు. అక్క నా వైపు చూసింది.

నాకోసం ఆ పూట సెలవు పెట్టిన బావని మధ్యాహ్నం మేడమీద బట్టలారేసే చోట పట్టుకున్నాను. కందకు లేని దురద కత్తిపీటకెందుకని అనుకునే రకం కాదు నేను. "అక్క కార్డు రాసింది, దాచకు" అన్నాను. బావ కొంతసేపు తీగకున్న క్లిప్పులు సర్ది, చెప్పాడు. నాలుగు నెలలుగా గుళ్లు చెదిరిపోతున్నాయి. ఒకటి పైకి, ఒకటి కిందికి. మొదట నిద్ర చాల్లేదనుకున్నాడు. తర్వాత కాఫీ, టీ మానేశాడు. ఏం చేసినా అంతే.

"మా నాన్నకి మొదలైందీ కుడిచేతి నుంచే. నలభై అయిదో ఏట. నాకిప్పుడు నలభై నాలుగు" అన్నాడు.

బావ వాళ్ల నాన్న మా మిషన్ స్కూల్లో పంతులుగారు. నాకు ఓనమాలు దిద్దించింది ఆయనే. బోర్డు మీద ఆయన అక్షరాలు ముత్యాల్లా ఉండేవి. నేను అయిదో తరగతికొచ్చేసరికి అవి గుట్టలెక్కి దిగుతున్నట్టుండేవి. చివరి రోజుల్లో మజ్జిగ గ్లాసు పట్టుకోలేక, మేం చూస్తున్నామని తల గోడకి తిప్పుకునేవాడు. బావ ఆ మాట చెప్పగానే నాకు ఆ గోడ గుర్తొచ్చింది.

"డాక్టరుకి చూపించావా?"

"చూపిస్తే దానికో పేరు పెడతాడు. పేరు పెట్టనంతసేపూ నాకు లేనట్టే."

"తుపాకీలో లోపముందేమో?"

"క్లబ్బులో తుపాకులు చూసే మల్లయ్యగారు విప్పి చూశాడు. దానికేం లేదన్నాడు."

"తూటాల్లో?"

బావకి కోపం వచ్చింది. "ఆడలేక మద్దెల ఓడందిట. పదేళ్లలో ఒక్కసారి కూడా నేను తూటాల మీద నెపం పెట్టలేదురా. ఇప్పుడు పెడితే అది చేతకానితనం. శనివారం మధ్యాహ్నంలోపు షూటింగ్ జట్టు ఎంపిక పోటీకి పేరివ్వాలి. ఇవ్వను. ఆఫీసులో కూడా రాతపని తప్పించి రికార్డు రూముకి మార్చమని అడుగుదామనుకుంటున్నా. నలుగురూ చూడకముందే."

ఆ సాయంత్రం ఇంట్లో కుటుంబ ప్రార్థన. చర్చి నుంచి పదిమంది వచ్చారు. ప్రార్థన మనవులు చెప్పమన్నప్పుడు అక్క లేచి, "మా ఇంట్లో ఒక చేతి కోసం ప్రార్థించండి" అంది. పేరు చెప్పలేదు. అందరూ కళ్లు మూసుకున్నారు. నేను మూసుకోలేదు కాబట్టి చెబుతున్నాను, వాళ్లలో నలుగురు ఒక కన్ను తెరిచి బావ చేతుల వంకే చూశారు. బావ రెండు చేతులూ బైబిలు కిందికి లాక్కున్నాడు.

వంటింటి అరలు, గురువారం

మర్నాడు పొద్దున బావ ఆఫీసుకెళ్లాక, టీలోకి పంచదార డబ్బా తీద్దామని వంటింట్లో అర మీద చెయ్యి పెట్టాను. చేతికింద కాగితం మందంగా, గరుగ్గా తగిలింది. చూస్తే న్యూస్‌పేపరు కాదు. నల్లటి వలయాలు, మధ్యలో అంకెలు, అక్కడక్కడా చిల్లులు.

"మీ బావ కాల్చిన టార్గెట్లేరా. గట్టిగా ఉంటాయని పరిచాను. ఆవాలు మాత్రం చిల్లుల్లోంచి కిందరలోకి రాలుతుంటాయి" అంది అక్క.

ఆ అర ఖాళీ చేశాను. తర్వాత దానికింది అర. తర్వాత పచ్చళ్ల జాడీలుండే పై అర. పప్పులు, పిండి డబ్బాలు అన్నీ నేలమీదికొచ్చాయి. అక్క అట్లకాడతో సహా వచ్చి, "పిచ్చిగానీ పట్టిందట్రా ప్రకాశం?" అని తిట్టింది. తిట్టు నా చెవికెక్కలేదు. ప్రతి కాగితం మూలా బావ పెన్సిల్‌తో తేదీ వేశాడు. వరసలో అయిదేసి గుళ్లు కాలుస్తారట, కాగితానికి అయిదు చిల్లులు. జాడీల కింది కాగితాలు నిరుటివి. వాటిలో అయిదు చిల్లులూ ఒక నిమ్మకాయ చెక్క కింద దాక్కునేంత దగ్గరగా ఉన్నాయి. ఈ నాలుగు నెలల కాగితాలు వేరు. వీటిలో రెండో మూడో పైన, మిగిలినవి కింద. మధ్య నాలుగు వేళ్ల ఎడం.

నేలమీద బాసింపట్టు వేసుకుని చాలాసేపు చూశాను. మా ల్యాబ్‌లో వణికే చేత్తో పిల్లాడు రీడింగు తీస్తే తప్పు అన్ని వైపులకీ పోతుంది. ఇక్కడ కుడికీ ఎడమకీ ఏమీ పోలేదు. పైన ఒక గుంపు, కింద ఒక గుంపు, ఏ గుంపుకా గుంపు బిగుతుగా ఉంది. ఒకే మనిషి కొట్టినట్టు లేదు, ఇద్దరు మంచి గురికాళ్లు చెరోచోట కొట్టినట్టుంది. రెండు గుంపులు వచ్చాయంటే కొలిచిన వస్తువులు రెండు అని నేను మా పిల్లలకి చెబుతుంటాను.

అక్కతో అనలేదు. ఆశపెట్టి, అది తప్పయితే?

రాళ్లగుట్ట వెనక

సాయంత్రం బావతో క్యాంపస్‌కి నడిచాను. మా కాలేజీలో గేటు నుంచి గోడ దాకా వంద అడుగులు. ఇక్కడ గేటు దాటి అరగంట నడిచినా యూనివర్సిటీ అవ్వదు. పొదల నిండా సీతాఫలం, ఇంటి ఎత్తు బండలు, ఆ బండల మీద కూర్చుని పోటీ పరీక్షలకి పైకి చదువుకునే కుర్రాళ్లు. ఒకతను నడుస్తూ చదువుతూ నన్ను గుద్దుకుని, "సారీ అన్నా" అని, ఆపిన వాక్యం దగ్గర్నుంచే మళ్లీ మొదలెట్టాడు.

గుట్ట వెనక ఎత్తైన మట్టిగట్టు, దాని ముందు టార్గెట్లు తగిలించే చట్రాలు, ఒక ఎర్రజెండా, ఒక రేకుల గది. గదిలో మల్లయ్యగారు. మెదక్ వైపు రైతు కుటుంబం. ముప్పై ఏళ్లు సర్కారీ ఆయుధాల కొట్లో పనిచేసి, ఇప్పుడు క్లబ్బు తుపాకులు చూసుకుంటున్నాడు. దసరాకి చేసిన ఆయుధపూజ పసుపు కుంకుమ ఇనప బీరువా మీద ఇంకా చెరగలేదు. మా వైపు కుట్టు మిషన్ మీదో, సైకిల్ మీదో బొట్టు పెడతారు. రివాల్వర్‌కి బొట్టు పెట్టడం ఇక్కడే విన్నాను.

"దేవదానం సారు బామ్మర్దంటే మాగ్గూడ బామ్మర్దే. తిను" అని జొన్నరొట్టె, టమాట తొక్కు పెట్టాడు. మా పచ్చడికి వీళ్ల తొక్కు అక్కచెల్లెలే గానీ, కారం చూస్తే అక్క వీళ్లదే. తింటుండగానే షరతులు చెప్పాడు. కాల్చని తూటా ఒక్కటి కూడా గది దాటి పోకూడదు, కాల్చినవాటి ఖాళీ గుల్లలు లెక్క తేలేదాకా ఎవరూ ఇంటికి పోకూడదు. తర్వాత బీరువాలోంచి ఒక బిస్కెట్ల డబ్బా తీశాడు. దాన్నిండా తూటాలు. అయిదు తీసి బావకిచ్చాడు.

బావ కుడిచెయ్యి చాపి నిలబడ్డాడు. నాకు వణుకేమీ కనపడలేదు, కానీ నేను పది అడుగుల వెనకున్నాను. అయిదు కాల్చాడు. కాగితం తెస్తే రెండు పైన, మూడు కింద. బావ చూసి, ఆ చెయ్యి జేబులో పెట్టేసుకున్నాడు. మల్లయ్యగారు ఆకాశం వంక చూశాడు. ఆయన కూడా చేతిదే అనుకుంటున్నాడని నాకర్థమైంది.

"గా ఖాళీలు లెక్కవెట్టు" అని ఆ అయిదు గుల్లలూ నా దోసిట్లో పోశాడు. ఇంకా వెచ్చగా ఉన్నాయి. తిప్పి చూస్తే అడుగున ముద్రలున్నాయి. మూడింటికి ఒక ముద్ర, రెండింటికి ఇంకో ముద్ర. రెండు, మూడు.

బావ చెయ్యి కడుక్కోవడానికి పంపు దగ్గరికెళ్లగానే మల్లయ్యగారి పక్కకి చేరాను. "ఈ డబ్బాలో రెండు రకాలున్నాయాండీ?"

"ఉంటయి. నాలుగు నెల్లసంది కొత్త మాల్ బంద్ అయింది. పాత పెట్టెలల్ల మిగిలినయన్నీ గీండ్ల పోసిన. అన్నీ ఒక్క సైజే సారు, రివాల్వర్ల ఒక్క తీర్గనే కూసుంటయి. ఇంకేం ఫరకు?"

"విడివిడిగా ఉంచొచ్చు కదా?"

"మా ఇంట్ల పాత బియ్యం ఉండంగ కొత్త బస్తా విప్పం. మీరడిగె మాటనా ఇది?"

"మా ఇంట్లోనూ అంతేనండీ. కానీ పాత బియ్యం, కొత్త బియ్యం కలిపి ఒకే కుండలో వండరుగా?"

ఆయన రొట్టె తుంచబోయి ఆగాడు. పాతవి ఉడికేసరికి కొత్తవి జావైపోతాయని ఏ ఇంట్లోనైనా తెలుసు. రొట్టె పక్కన పెట్టి, "బరువు జూడాలె" అన్నాడు మెల్లగా.

కంసాలి త్రాసు, శుక్రవారం

కాల్చని తూటా గది దాటదు కాబట్టి త్రాసే గదికి రావాలి. ఆ సన్నటి తేడాకి కూరగాయల త్రాసు పనికిరాదు. తార్నాక సందులో లక్ష్మణాచారి అనే కంసాలి కొట్టు పట్టుకున్నాను. విషయం సగం చెప్పగానే ఆయన మొహం మాడ్చాడు.

"బంగారం తూసే త్రాసుల సీసం వెడ్తరా? ఏమన్న ఉన్నదా మీకు?"

ఎదురుగా ఇరానీ హోటల్లో టీ తాగుతూ మాట్లాడదామని తీసుకెళ్లాను. ఆయన "వన్ బై టూ" అన్నాడు. ఒక్క చాయ్ తెచ్చి రెండు కప్పుల్లో సగం సగం పోసిచ్చారు. రెండు రూపాయలు, ఇద్దరికి. మా ఊళ్లో చుట్టానికి సగం టీ ఇస్తే ఆ కోపం మూడు తరాలుంటుంది. ఇక్కడదే స్నేహమట. ఆ సగం కప్పు మీదే నేను బావ చెయ్యి సంగతి, పంతులుగారి సంగతి అంతా చెప్పాను. ఆచారి కప్పు కింద పెట్టి, "నా చెయ్యి గిట్ల వణికితె నా దుకాణం ఖతమే" అన్నాడు. లేచి నిలబడి, "త్రాసు మాత్రం ఎవ్వరికియ్య. నేనే వస్త" అన్నాడు.

గుడ్డలో చుట్టిన చెక్కపెట్టె చంకలో పెట్టుకుని నాతో బస్సెక్కాడు. రేకుల గదిలో గాలాడకుండా కిటికీ మూయించి, త్రాసు వేలికి తగిలించాడు. ఒక పళ్లెంలో ఒక ముద్ర తూటా, రెండో దాంట్లో రెండో ముద్రది. మొదటి పళ్లెం జర్రున కిందికి దిగింది. తేలికవైపు ఒక్కొక్క గురివింద గింజ వేస్తూ పోయాడు. ఏడో గింజకి ముల్లు నిలబడింది. ఇంకో జత పెట్టాం, ఏడు. ఇంకో జత, ఏడుకి కాస్త తక్కువ, ఆరున్నర. మల్లయ్యగారు పక్కనే కూర్చుని ఏ జతకా జత చూశాడు.

"బరువైంది ఏ గుంపు? కిందిదే గదా?" అని ఆచారి అడిగాడు. నేనూ అదే అన్నాను. బరువైంది కిందికే పోతుంది, ఇందులో చెప్పడానికేముంది? ఫిజిక్స్ ల్యాబ్ మనిషినని గుర్తుచేశాను కూడా.

మల్లయ్యగారు అప్పుడు మొదటిసారి నవ్వాడు. "గట్ల గాదు సారు. బరువైందే పైకి కొడ్తది. పందెం ఎంత?"

"టీ. పూర్తి కప్పు" అన్నాను.

ఆయన ఖాళీ రివాల్వర్ చేతిలో పట్టుకుని చూపించాడు. మందు అంటుకోగానే తుపాకీ మూతి పైకి లేవడం మొదలవుతుంది. గుండు ఇంకా గొట్టంలోనే ఉంటుంది. తేలికది ఉరికి పారిపోతుంది, మూతి లేవకముందే బయటపడుతుంది. బరువైంది నిమ్మళంగా పోతుంది, అది బయటికొచ్చేసరికి మూతి ఇంకాస్త పైకి లేచి ఉంటుంది. ఇరవై అయిదు మీటర్ల దగ్గర ఆ లేచినంతా నాలుగు వేళ్లవుతుంది. ఇదంతా ఆయన మడమల మీద కూర్చుని, చేతిని రెండుసార్లు ఊపి చెప్పాడు. ఇరవై ఏళ్లుగా ల్యాబ్‌లో ఉన్న నాకు ఇది తట్టనందుకు సిగ్గేసింది. చాలా ఆనందం కూడా వేసింది, అబద్ధమెందుకు.

"మరి ఇంత తెలిసి..." అని ఆచారి మొదలెట్టబోతే నేను ఆయన కాలు తొక్కాను. మల్లయ్యగారు డబ్బా మొత్తం గోనెపట్టా మీద గుమ్మరించి, కళ్లద్దాలు పెట్టుకుని, ముద్రలు చూస్తూ రెండు కుప్పలు చెయ్యడం మొదలుపెట్టాడు. మేం వెళ్లేదాకా తల పైకెత్తలేదు.

శనివారం

ఆ రోజు ఆఫీసుకి సెలవు. బావకి ఒక్క ముక్క చెప్పలేదు. చెబితే చెయ్యి కాదు, మనసు కాలుస్తుంది. నాకోసం ఆఖరుసారి కాల్చి చూపించమని బతిమాలి లాక్కొచ్చాను. "ఆఖరుసారే" అన్నాడు.

నిజం చెప్పాలంటే ఆ పొద్దున నాకు భయం వేసింది. వేరుచేసిన తూటాలతో కూడా గుళ్లు చెదిరితే, వంక పెట్టడానికి ఇంకేమీ మిగలదు. బావకున్న ఆ కాస్త అనుమానాన్ని నా చేతులతో నేనే తీసి పారేసినవాణ్ణవుతాను. మళ్లీ అక్క మొహం ఎలా చూస్తాను?

మల్లయ్యగారే రివాల్వర్‌లో నింపి ఇచ్చాడు. మొదట బరువైనవి అయిదూ. బావ కాల్చాడు. కాగితం తెచ్చారు. అయిదూ పైన, ఒక్క గుంపుగా. బావ నుదురు చిట్లించాడు. "ఒక్కటీ కిందికి పోలేదే" అన్నాడు.

"ఇంకో అయిదు కొట్టున్రి" అన్నాడు మల్లయ్యగారు. ఈసారి తేలికవి. అయిదూ కింద. వాటిమీద కూడా నిమ్మకాయ చెక్క బోర్లించవచ్చు.

బావ రెండు కాగితాలూ రెండు చేతుల్లో పట్టుకున్నాడు. నాకేసి చూశాడు, మల్లయ్యగారికేసి చూశాడు. అప్పుడు చెప్పాం. ముద్రలు చూపించాం, ఏడు గురివింద గింజల సంగతి చెప్పాం. అంతా విని బావ బండమీద కూలబడ్డాడు.

"నాలుగు నెలలురా" అన్నాడు. "నాలుగు నెలలుగా నిద్రలేచి మొదట ఈ చేతినే చూసుకుంటున్నా."

మల్లయ్యగారు తలపాగా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "ఎర్క ఉండి గూడ కలిపిన సారు. పాతయి ముందుగాల ఖతం గావాలెనని జూసిన గని, మీ పానం జూడలె" అన్నాడు. బావ ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. కుడిచెయ్యి.

డాక్టరుకైతే ఒకసారి చూపించమని నేను పట్టుబట్టాను. కాగితం మీది చిల్లులు వైద్యం కాదు. సరేనన్నాడు. ఇక పేరివ్వడానికి గంట టైముంది. "మరి ఇంకొక్క అయిదు" అని తనే లేచాడు. బరువైనవే అడిగాడు. ఆ రివాల్వర్‌కి గురిచూసే ముల్లు జరపడానికుండదు, అందుకని నల్ల వలయం అడుగంచుకి గురి పెడతానన్నాడు. నిలబడ్డాడు, తొందరపడకుండా కాల్చాడు.

నాలుగు చిల్లులు నట్టనడుమ, ఒకదాన్నొకటి కొరుక్కుని ఉన్నాయి. అయిదోది ఎడమవైపు కిందికి, వలయాలన్నీ దాటిపోయి ఒంటరిగా ఉంది.

ముగ్గురం ఆ ఒక్కదాన్నే చూశాం. మల్లయ్యగారు ఆదరాబాదరా ఖాళీ గుల్లలు తిప్పి చూశాడు. అయిదింటికీ ఒకటే ముద్ర. ఇది తూటాది కాదు.

బావ ఆ చిల్లులో చిటికెనవేలు పెట్టాడు. "ఇది నాదే" అన్నాడు. ముందు మెల్లగా, మళ్లీ గట్టిగా. "ఇది నాదేరా. నాలుగూ బాగా పడ్డాయని తెలిసిపోయింది, అయిదోది తొందరపడి లాగేశాను. మీట లాగుతున్నప్పుడే తెలిసింది నాకు, ఎడమకి పోతోందని. తెలిసింది." ఒకటే నవ్వు. నాలుగు నెలలుగా ఏది తన తప్పో, ఏది కాదో తెలియక చచ్చిపోయిన మనిషి, ఇదిగో నా తప్పు అని చూపించుకోగలిగాడు. పేరు రాసిచ్చేటప్పుడు కూడా నవ్వుతూనే రాశాడు.

ఇంటికెళ్లేసరికి అక్క గుమ్మంలోనే నిలబడి ఉంది. మా మొహాలు చూసి ఏమనుకోవాలో తెలియక కొంగు నలుపుతోంది. బావ చెప్పులు కూడా విప్పకుండా లోపలికొచ్చి, చుట్టిన కాగితం విప్పి ఆమె ముందు పట్టుకున్నాడు. మధ్యలో ఉన్న నాలుగు చిల్లుల మాటే ఎత్తలేదు. ఎడమవైపు మూలన ఉన్న ఒక్కదాని మీద వేలు పెట్టాడు.

"సుగుణా, ఇదొక్కటి నేను తప్పాను" అన్నాడు.

అక్కకి గురి సంగతి ఏమీ తెలియదు. కానీ బావ గొంతు పదేళ్లుగా విన్న మనిషి. ఆ కాగితం పట్టుకున్న చేతిని రెండు చేతులతో పట్టుకుని, గుమ్మంలోనే వెక్కివెక్కి ఏడ్చింది.